నీళ్లు వేసిన గుండు

నల్లగొండ పక్కన పానగల్లు చెరువు కట్ట మీద కూర్చుని బొమ్మ వేసే మిత్రుణ్ణి ఎన్నో పొద్దులు చూశాను. పెన్సిలు ముట్టడు. ముందు కాగితమంతా నీళ్లతో తడుపుతాడు. ఆ తర్వాత చాలాసేపు ఊరికే కూర్చుంటాడు. ఉన్నట్టుండి పెద్ద కుంచెతో అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిదరంగు ఒక్క ఊపున దించుతాడు. రంగు రేణువులు కాగితం గుంటల్లో కూరుకుపోయి గరుకు తేలుతుంది. మా గుట్టల మీది గుండ్లు అచ్చం అట్లనే ఉంటాయి! "నేనేం వెయ్యలే, నీళ్లే వేసినయ్" అంటాడు. నేనొప్పుకోను. పారేసిన కాగితాలు ఎన్ని కట్టలో నాకు తెలుసు కదా.

అతను వేసిన నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ బొమ్మలో ఒక్క మనిషికీ ముఖం లేదు. ఆటోలు పసుపు మచ్చలు. అయినా గంప నెత్తిన పెట్టుకున్న ఆమె నడకలో ఎండ ఎంత మండుతోందో తెలిసిపోతుంది.

1940లో మధిరలో పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాష్ తుక్కు కార్లను వేసి, తర్వాత ఎండుటాకుల వైపు, నీటి మీది నీడల వైపు మళ్లారు. ఆయన బొమ్మల్లోని ఆ నీటి ముందు నిలబడ్డప్పుడల్లా నాకు మా చెరువే గుర్తొస్తుంది.

అన్నిటికన్నా కష్టం ఆపడం. మొన్న మా మిత్రుడు చెరువు బొమ్మలో నీళ్ల నడుమ వేలెడంత తెల్లకాగితం వదిలేశాడు. కొంగేనా అని అడిగాను. కుంచె కడుక్కుంటూ నవ్వాడు.