పుట్టుక, పెంపకం, వీసా

పిల్లల బుద్ధులు పుట్టుకతో వస్తాయా, పెంపకంతో వస్తాయా అనే తగాదాలో రెండు పక్షాలకీ మన భాషలో సామెతలు సిద్ధంగా ఉన్నాయి. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అని ఒకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఇంకొకటి. పిల్లవాడు ఫస్టు ర్యాంకు తెచ్చుకుంటే మొదటిది వాడతాం, పక్కింటివాళ్ళ పిల్లవాడు మాట వినకపోతే రెండోది వాడతాం. ఇవి కాక మూడో సామెత ఒకటుంది. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని. అమెరికా రచయిత్రి జూడిత్ రిచ్ హారిస్ 1998లో ప్రచురించిన "ది నర్చర్ అజంప్షన్" అనే లావుపాటి పుస్తకం ఈ మూడో సామెతకి రాసిన భాష్యంలా ఉంటుంది.

పరాయిదేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళు చదవవలసిన పుస్తకం ఇది. దోహాలో ఉంటూ చదివిన నాకు ఇందులో ఒప్పుకోక తప్పని విషయాలు చాలా కనిపించాయి, ఒప్పుకోలేని విషయం ఒకటి కనిపించింది. ఆ ఒక్కటీ మన గల్ఫ్ కుటుంబాలకి సంబంధించినది కనుకనే ఈ వ్యాసం.

ముందు రచయిత్రి గురించి రెండు మాటలు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర విభాగం ఆమెకు ఎం.ఏ. ఇచ్చి, పిహెచ్.డి.కి పనికిరావని పంపించేసింది. ఆ ఉత్తరం మీద సంతకం చేసిన ఆచార్యుడు జార్జ్ మిల్లర్. ఆమె ఇంట్లో కూర్చుని ఇద్దరు కూతుళ్ళని పెంచుతూ పాఠ్యపుస్తకాలు రాసుకున్నారు. కూతుళ్ళలో ఒకరు కన్నబిడ్డ, ఒకరు పెంచుకున్న బిడ్డ. 1995లో ఆమె రాసిన ఒక వ్యాసానికి అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం బహుమతి ఇచ్చింది. ఆ బహుమతి పేరు జార్జ్ మిల్లర్ అవార్డు! 2018లో హారిస్ చనిపోయారు.

ఆమె వాదన సూటిగా ఉంటుంది. కవల పిల్లల మీద, పెంపుడు పిల్లల మీద జరిగిన పరిశోధనల్ని చూస్తే, పెద్దయ్యాక మనుషుల స్వభావాల్లో కనిపించే తేడాల్లో దాదాపు సగం జన్యువులవి. మిగతా సగం పెంపకానిది అనుకుంటాం గదా? కాదంటారు ఆమె. ఒకే ఇంట్లో పెరగడం వల్ల స్వభావంలో వచ్చే పోలిక సున్నాకి దగ్గరగా తేలింది. మరి ఆ సగం ఎక్కడిది? ఇంటి బయట, తోటి పిల్లల గుంపులో తయారవుతుందని ఆమె సిద్ధాంతం. దానికి ఆమె చూపించే గట్టి సాక్ష్యం వలసవచ్చినవాళ్ళ పిల్లలే. తల్లిదండ్రుల యాస ఎంత గట్టిదైనా పిల్లలకి అంటదు, వీధిలో ఆడుకునే పిల్లల యాసే వస్తుంది.

ఇది మనం కాదనగలమా? దోహాలో మన పిల్లలు చదివే ఇండియన్ స్కూళ్ళలో మలయాళీ పిల్లలు ఎక్కువ. నాలుగేళ్ళు తిరిగేసరికి గోదావరి జిల్లావాళ్ళ పిల్లవాడి ఇంగ్లీషులోకి కేరళ యాస వచ్చేస్తుంది, ఆటస్థలంలో హిందీ వచ్చేస్తుంది. ఇంట్లో అమ్మ రోజూ మాట్లాడే తెలుగు మాత్రం "ఆకలేస్తోంది" దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడటం లేదని మనం తల్లుల్ని తప్పుపడుతూ ఉంటాం. తప్పు తల్లిది కాదు, తెలుగులో ఆడుకునే తోటిపిల్లలు లేకపోవడమే అసలు లోటని హారిస్ పుస్తకం చెబుతుంది. ఈ ఒక్క మాటకైనా ఆమెకు మనం రుణపడి ఉండాలి.

కవలల సంగతి మన ప్రేక్షకులకి కొత్తేమీ కాదు. 1964లో తాపీ చాణక్య దర్శకత్వంలో వచ్చిన "రాముడు భీముడు" సినిమా కథ అదే. విడిపోయి పెరిగిన కవలల్లో బావ కొరడాకి జడుస్తూ పెరిగినవాడు పిరికివాడయ్యాడు, స్వేచ్ఛగా పెరిగినవాడు మొనగాడయ్యాడు. సినిమా తీర్పు పూర్తిగా పెంపకం పక్షం. 1979లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుచార్డ్ నిజంగానే విడిపోయి పెరిగిన కవలల్ని వెతికి పట్టుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ తీర్పు తిరగబడింది. వేరువేరు ఇళ్ళలో పెరిగినా స్వభావాలు ఆశ్చర్యపరిచేంత దగ్గరగా ఉన్నాయి.

అయితే సినిమాలో ఉన్నదీ, మిన్నెసోటాలో పెద్దగా లేనిదీ ఒకటుంది. అది కొరడా. దత్తతకి వెళ్ళిన పిల్లలు మామూలుగా తిండికీ బడికీ లోటులేని ఇళ్ళకే వెళతారు. ఇళ్ళ మధ్య తేడా తక్కువైతే, మనుషుల మధ్య కనిపించే తేడా అంతా జన్యువులదే అనిపిస్తుంది. జన్యుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవాంటిన్ 1970లో దీన్ని విత్తనాల పోలికతో చెప్పాడు. మన పొలం భాషలో చెప్పాలంటే, ఒకే మడిలో సమానంగా నీళ్ళు పారితే మొక్కల తేడా విత్తనానిది. అవే విత్తనాలు కాలవ మొదట్లో కొన్ని, నీరందని చివరన కొన్ని చల్లితే, ఆ రెండు మళ్ళ మధ్య తేడా నీటిది. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం ఏడేళ్ళ అమెరికన్ కవలల్ని పరిశీలించినప్పుడు ఇలాంటిదే కనిపించింది. కలిగిన ఇళ్ళలో తెలివితేటల తేడాలకి జన్యువులు ఎక్కువగా కారణం, బీద ఇళ్ళలో పరిసరాలు ఎక్కువగా కారణం. అమెరికా బయట తర్వాత జరిగిన అధ్యయనాల్లో ఇది ఇంత స్పష్టంగా కనబడలేదన్నది కూడా చెప్పాలి. కానీ ప్రశ్న మాత్రం నిలబడే ఉంది. మీరు కొలిచిన మడులు ఏవి?

హారిస్ పుస్తకంతో నా పేచీ ఇక్కడే. ఆమె పుస్తకంలో తల్లిదండ్రులు ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ ప్రభావం ఎంత అన్నదే ఆమె ప్రశ్న. ఖతార్లో మన తెలుగువాళ్ళని చూడండి. ఇంజనీర్లూ, నర్సులూ, అకౌంటెంట్లూ ఉన్నారు. వాళ్ళ పిల్లలు వాళ్ళ దగ్గరే ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చి ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో ఉండే కూలీలు ఉన్నారు. వాళ్ళ జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్ళే ఆడమనిషికి కనీసం 30 ఏళ్ళు ఉండాలని భారత ప్రభుత్వ నిబంధన. ఆమె రక్షణ కోసమే పెట్టారు. కానీ మన పల్లెల్లో 30 ఏళ్ళ ఆడమనిషికి అప్పటికే బడికి వెళ్ళే పిల్లలుంటారు. అంటే ఆ నిబంధన వల్ల విమానం ఎక్కేది చాలాసార్లు తల్లే. ఆమె ఇక్కడ ఒకరి పిల్లలకి స్నానం చేయించి అన్నం తినిపిస్తుంది. ఆమె పిల్లలకి అక్కడ అమ్మమ్మ తినిపిస్తుంది. పెంపకం ఎంత ముఖ్యమని మనం వాదించుకునేలోపు, పెంచే అవకాశం ఎవరికి ఉండాలో వీసా తేల్చేసింది.

ఇంతకంటే బాధపెట్టేది ఆ పిల్లల గురించి మనం మాట్లాడే తీరు. అక్కడ కుర్రవాడు పదో తరగతి తప్పితే, "తల్లి వదిలేసి పోయింది, ఇంకేం బాగుపడతాడు" అంటాం. లేకపోతే "తండ్రి బుద్ధే వచ్చింది" అంటాం. మొదటిది పెంపకం వాదం, రెండోది పుట్టుక వాదం. ఏ పక్షం గెలిచినా నేరం ఆ కుటుంబానిదే. ఊళ్ళో పని లేకపోవడం, అప్పు, ఏజెంటు కమీషను, ఇవేవీ బోనెక్కవు.

హారిస్ మాట ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తి. "నువ్వు దగ్గర లేనంత మాత్రాన నీ బిడ్డ చెడిపోడు, వాడికి మంచి స్నేహితులూ మంచి బడీ ఉంటే నిలబడతాడు" అని ఆ తల్లికి చెప్పగలిగితే అది పెద్ద ఓదార్పు. అదే మాటని "తల్లిదండ్రులు ఎక్కడున్నా ఒకటే" అని మార్చి, కుటుంబాల్ని విడదీసే ఏర్పాటుకి సమర్థనగా వాడుకునే ప్రమాదమూ ఉంది. హారిస్ అలా అనలేదు. పిల్లల్ని ప్రేమగా చూసుకోవడానికి రేపటి ఫలితం కారణం కానక్కరలేదనీ, ఈరోజు వాళ్ళు సంతోషంగా ఉండటమే చాలనీ ఆమె ఉద్దేశం. అయితే ఆ ఈరోజు కూడా ఫోనులోనే గడిచిపోయే తల్లుల గురించి ఆమె పుస్తకానికి ఆలోచన లేదు.

పుట్టుకా పెంపకమా అని రెండుగా విడదీయడమే సరికాదని చూపించే ఉదాహరణ ఖతార్లోనే ఉంది. హోమోసిస్టిన్యూరియా అనే జన్యువ్యాధి ఖతారీ శిశువుల్లో సుమారు 1,800 మందిలో ఒకరికి వస్తుంది. ప్రపంచంలో మరెక్కడా అంత ఎక్కువగా ఉండటం అరుదు. మేనరికాల వంటి దగ్గరి పెళ్ళిళ్ళు అక్కడా మామూలే. పట్టించుకోకపోతే చూపూ, ఎముకలూ, బుద్ధీ దెబ్బతింటాయి. 2003 చివరి నుంచి అక్కడ పుట్టిన పిల్లలకి మడమ దగ్గర రక్తపుచుక్క తీసి పరీక్షిస్తున్నారు. వ్యాధి ఉంటే మెథియోనిన్ తక్కువగా ఉండే ప్రత్యేకమైన ఆహారం మొదలుపెడతారు. బిడ్డ చాలావరకు మామూలుగా పెరుగుతాడు. వ్యాధి నూటికి నూరుపాళ్ళూ పుట్టుకతో వచ్చిందే. దాన్ని ఆపేది నూటికి నూరుపాళ్ళూ పెంపకమే. కాకపోతే ఆ పెంపకం తల్లి ఒక్కతే చేయగలిగింది కాదు. ఆసుపత్రీ, ప్రయోగశాలా, ఖర్చు భరించే ప్రభుత్వమూ కలిసి చేసేది.

కనుక మన సంఘాలు ఈ పుస్తకం నుంచి రెండు పనులు నేర్చుకోవచ్చు. పిల్లలకి తెలుగు రావాలంటే తల్లుల్ని మందలించడం మాని, వారానికొకసారైనా పిల్లల్ని ఒకచోట చేర్చి తెలుగులో ఆడుకోనివ్వాలి. శుక్రవారం క్లాసులో అక్షరాలతోపాటు ఆట కూడా ఉండాలి. రెండోది, క్యాంపుల్లోనూ పరాయి ఇళ్ళలోనూ పనిచేస్తున్న మనవాళ్ళ ఊళ్ళకి చందాలు పంపేటప్పుడు గుడి గోపురంతోపాటు బడి సంగతి కూడా అడగాలి. ఆ పిల్లలకి సావాసం దొరికేది అక్కడే. వాళ్ళ రక్తం మన చేతుల్లో లేదు, వాళ్ళ అమ్మ వీసా కూడా మన చేతుల్లో లేదు. కాలవ చివరి మడికి కాసిని నీళ్ళు పంపడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.