అప్పీయా సంతపేట: త్రవ్వకుండా చదివిన ఊరు

రోమా సహోదరులు పౌలును ఎదుర్కొన్న రెండు స్థలాలలో అప్పీయా సంతపేట ఒకటి (అపొ. కార్య. 28:15). మన ప్రసంగాలలో ఈ ఊరికి దక్కే వర్ణన సాధారణంగా ఒక్కటే: దోమలు, కప్పలు, పాడు నీళ్లు, పడవవాళ్ల గోల, పిసినారి సత్రం యజమానులు. ఇది లాటిను కవి హోరేస్ తన ప్రయాణాన్ని గురించి వ్రాసిన వ్యంగ్య కావ్యం నుండి వ్యాఖ్యాన గ్రంథాల ద్వారా మనకు చేరింది. ఆ ప్రయాణం పౌలు రాకకు దాదాపు నూరేండ్ల ముందటిది. అదీ కడుపు చెడి, నిద్ర చెడిన బాటసారి హాస్యం కోసం వ్రాసినది. ఒక ఊరిపై తీర్పు చెప్పడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలునా?

2014లో బ్రిటిష్ స్కూల్ ఎట్ రోమ్ వారి పత్రిక 82వ సంపుటంలో టోల్, డి హాస్, ఆర్మ్‌స్ట్రాంగ్, అటేమా ప్రచురించిన వ్యాసాన్ని మేము రెండవ సాక్షిగా పరిగణిస్తున్నాము. క్రీ.పూ. 312లో ఆరంభమైన అప్పియన్ రహదారిపై, రోమాకు 43 రోమను మైళ్ల (సుమారు 64 కి.మీ.) దూరంలోని ఈ ఊరి శిథిలాలు నేటి బోర్గో ఫైతి పరిసరాలలో ఉన్నాయి. పరిశోధకులు చేలలో క్రమపద్ధతిలో నడచి కుండపెంకులు సేకరించారు. నేలలోని అయస్కాంత తేడాలను పరికరంతో కొలిచి పాతిపోయిన కట్టడాల జాడలు పట్టారు. అక్కడ కనిపించినది కేవలం రాత్రి మజిలీ కాదు. పడవలు ఆగే రేవు, చేతిపనివారి ఉత్పత్తి, చుట్టుపట్ల పల్లెలకు అంగడి గల ఊరు. మన తెలుగు బైబిలు అనువాదకులు ‘ఫోరం’ అనే మాటకు ‘సంతపేట’ అని వ్రాయడం ఎంత సముచితమో దీనివలన స్పష్టమవుతుంది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. పరికరం వేర్వేరు శతాబ్దాల గోడలను ఒకే పటంలో చూపుతుంది. నాగలి కదిపిన పెంకు ఒక కాలాన్ని సూచిస్తుందే గాని ఒక సంవత్సరాన్ని కాదు. కాబట్టి ఆ పటంలో ఒక గదిని చూపి “పౌలు ఇక్కడే బసచేశాడు” అనుటకు ఏ బోధకునికీ ఆధారము లేదు. మా విమర్శ మరొకటి: వ్యాసం ఉత్పత్తి, వ్యాపారాలపై చూపిన శ్రద్ధ బాటసారులపై అంతగా చూపలేదు. మన వాక్యభాగానికి కావలసినది ముఖ్యంగా అదే.

అయినను సర్వే మన వ్యాఖ్యానానికి మేలు చేస్తుంది. దక్షిణం నుండి చిత్తడి నేల వెంబడి రహదారి, దాని ప్రక్కనే కాలువ వచ్చేవి. రాత్రివేళ కంచరగాడిదలు లాగే పడవలలో జనులు ప్రయాణించేవారని స్ట్రాబో వ్రాశాడు. పౌలు ఏ మార్గాన వచ్చినా ఈ ఊరు దాటవలసినదే. సహోదరులు అంతదూరం వచ్చి ఇక్కడ ఎదురుచూడడం, అతడు తప్పిపోకుండా చేసిన ఆలోచన కావచ్చునని మా అభిప్రాయం. మరికొందరు 33వ మైలు వద్దనున్న త్రిసత్రముల యొద్ద కలిశారు.

ఊరిని దుష్టస్థలంగా చిత్రిస్తేనే పౌలు పొందిన ధైర్యం గొప్పదవుతుందని మనము తలంచనక్కరలేదు. లూకా ఆ ఊరిని నిందించలేదు. సరకులు దింపేవారు, కుమ్మరులు, బేరగాండ్ర మధ్య, సంకెళ్లలో ఉన్నవానిని తమవాడని నలుగురి యెదుట ఒప్పుకొనడానికి సహోదరులు వచ్చారు. ప్రసంగించవలసినది అది.