అచ్చువేసిన రక్తనాళములు

కొందరు శిశువుల మెదడులో ధమనులు కేశనాళికల ప్రమేయము లేకయే సూటిగా ఒక పెద్ద సిరలో కలియును. గేలన్ సిర వికృతి అను ఈ అరుదైన దోషములో రక్తము అడ్డులేక మరలివచ్చుటచే, పసిగుండె ఆ భారము మోయలేక విఫలము కావచ్చును.

బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యులు మెదడు రక్తనాళదోషములుగల నలుగురు పిల్లల స్కాన్ చిత్రములనుండి త్రిమితీయ ముద్రణముతో నమూనాలు చేసి, చికిత్సకు ముందు వాటిని పరిశీలించి, 2015లో ఆ అనుభవమును ప్రకటించిరి. నలుగురిలో ఒకరిది గేలన్ సిర వికృతి. మన ప్రయోగశాలలోని ప్లాస్టరు గుండె ఎవ్వరిదీ కాదు. ఈ నమూనా ఆ ఒక్క బిడ్డదే. ఏ ధమని ఏ వైపునుండి వచ్చి సిరను చేరుచున్నదో చేతపట్టి, త్రిప్పి చూడవచ్చును. ఈ మేలును నేను కాదనను.

అయితే శస్త్రచికిత్సలో సుమారు 30 నిమిషములు కలిసివచ్చినవను మాటకు పొంగిపోరాదు. ఆ లెక్క తల తెరచి చేసిన ఇతర వికృతుల చికిత్సలది. గేలన్ సిరకు సాధారణముగా సన్నని గొట్టమును నాళములగుండా పంపి, జిగురువంటి పదార్థముతో ఆ కలయికలను మూయుదురు. పైగా నలుగురే! స్కానులో కనబడని సన్ననాళము నమూనాలోనూ ఉండదు. నాళమెక్కడ ముగియునో నిర్ణయించి గీత గీయువాడు మనిషియే. ఆ నాళములలో రక్తము పారదు గనుక, ఎన్ని ధమనులను మూసిన గుండెకు ఎంత ఊరట కలుగునో ఆ నమూనాను చూచి చెప్పలేము.