పసుపు త్రికోణం చదివేవాళ్లు

పాత ల్యాప్‌టాప్‌లో కొత్త విండోస్ ఎవరైనా ఎక్కిస్తారు. ఆ తర్వాత వైఫై మాయమై, సౌండు మూగబోయినప్పుడు చూడాలి అసలు పనితనం! సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో చేయి తిరిగిన రిపేరు కుర్రాళ్లు ముందే స్క్రూడ్రైవర్ పట్టరు. డివైస్ మేనేజర్ తెరుస్తారు. పసుపు త్రికోణం కనబడితే ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తారు. ‘వీఈఎన్’ పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్. ‘అన్‌నోన్ డివైస్’ జాతకమంతా ఆ వరసలోనే ఉంటుంది. సరిపోయే డ్రైవర్‌ను తయారీ కంపెనీ సైటు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేస్తారు (నెట్ రాని మెషీనుకు నెట్ డ్రైవర్ నెట్‌లోంచే దించుకోవాలి మరి!). కొత్తది మొరాయిస్తే పాతదానికి రోల్‌బ్యాక్. ఉచితమని ఊరించే ‘డ్రైవర్ అప్‌డేటర్ల’ జోలికి మాత్రం పోరు. పార్టు మార్చకుండానే బాగుచేశారని వాళ్ల కూలీ దగ్గర బేరమాడకండి.