టేకు పుల్లలో పాత వానలు

టేకు చెక్కలోని గీతలను మనం తలుపు మీద అందంగానే చూస్తాం. వాటిని చదివి పాత వానలు చెప్పేవాళ్లున్నారు. చెట్టును నరకరు. లోపల బోలుగా ఉండే బర్మాను రొమ్ము ఎత్తున కాండానికి ఆనించి, చేత్తో తిప్పుతూ చేవలోకి దించుతారు. సుమారు 5 మిల్లీమీటర్ల మందాన, పెన్సిల్ కన్నా సన్నటి పుల్ల బయటికొస్తుంది. గాడి తీసిన చెక్కలో దాన్ని అతికించి, ముతక సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి అంతకంతకూ మెత్తటి రకంతో రుద్దుతారు. ఓపికంతా ఇక్కడే కావాలి. రుద్దుడు కుదిరితే సూక్ష్మదర్శిని కింద పెద్ద రంధ్రాల వరుస విడిగా తేలుతుంది. కొత్త ఏడు అక్కడ మొదలైనట్టు. దశాబ్దానికొక చుక్క పెట్టుకుంటూ వెనక్కి వెళ్తారు. టేకు తక్కువదేం కాదు, బోల్తా కొట్టిస్తుంది. వానలు మధ్యలో ఆగి మళ్లీ అందుకుంటే ఒకే ఏడాదికి రెండు వలయాలున్నట్టు కనిపిస్తుంది. గడ్డు ఏడాది ఒక్కోసారి వలయమే దొరకదు. అందుకే ఒక్క చెట్టు సాక్ష్యాన్ని ఎవరూ నమ్మరు. చుట్టుపక్కల చెట్ల పుల్లలన్నీ పక్కన పెట్టి, వానలు తగ్గిన ఏళ్ల ఇరుకు వలయాలు ఒకదానికొకటి సరిపడేదాకా ఏ గీతకూ సంవత్సరం ఖాయం చేయరు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకు నుంచి ఇలాగే 523 ఏళ్ల వరుసను కూర్చారు. ఎల్ నినో వచ్చి వానలు ముఖం చాటేసిన ఏళ్ల జాడలు అందులో ఉన్నాయి. వర్షమాపకాలు లేని రోజుల్లో కరవు ఎన్నేళ్లకోసారి వచ్చేదో అంచనా వేసుకోవడానికి మనకిప్పుడు ఈ పుల్లలున్నాయి.