ఈనె: ఒక మాట, దాని క్రియలు

మాటకు అర్థం నిఘంటువులో వెదకటం మన పండితులకు అలవాటు. ఆ మాట పక్కన ఏ క్రియ నిలుస్తున్నదో చూడటం అంతకంటె అవసరమని నా అభిప్రాయం. ఇందుకు "ఈనె" అనే చిన్న మాటను తీసుకుంటాను.

ఆకులో నరాల్లా కనబడే గీతలు ఈనెలు. మనిషి శరీరం దగ్గరకు వచ్చేసరికి సిర, ధమని, నాడి అంటూ సంస్కృతాన్ని ఆశ్రయించిన మన శాస్త్రపరిభాష, ఆకు దగ్గర మాత్రం "ఈనెల వ్యాపనం" అన్నది. ఇది మెచ్చదగినదే. కాని వెంటనే దానికి "జాలాకార" అనే విశేషణం తగిలించింది. మర్రాకులో ఈనెలు వలలా అల్లుకున్నాయంటే ఏ పిల్లవాడికి తెలియదు?

అదీగాక, పాఠ్యపుస్తకంలో ఈనెను చూడటమే తప్ప చేసే పని లేదు. జనం నోట ఈ మాట పనితోనే వస్తుంది. కొబ్బరాకు ఈనెలు తీసి చీపురు కడతారు. మోదుగాకుల్లో ఈనెపుల్ల గుచ్చి విస్తరి కుడతారు. తమలపాకు ఈనె తీసి సున్నం రాస్తారు. మన కావ్యాలను మోసిన తాటాకు కూడా నడిమి ఈనెను వదిలించుకున్న తరువాతనే గంటం కిందికి వచ్చింది. పాఠాంతరాలపై పుటలు నింపిన మనం ఆ ఆకును సిద్ధం చేసిన చేతిని గురించి ఎన్ని పంక్తులు వ్రాశాం?

నిజామాబాదు, కరీంనగరం ప్రాంతాల బీడీ కార్మిక స్త్రీలకు ఈ మాట కూలితో ముడిపడినది. నానిన తునికాకును కొలతకు కత్తిరించి, ముదురు ఈనె తీసివేస్తేనే బీడీ బిగువుగా వస్తుంది. లేకుంటే ఆకు చిట్లుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగులేదని పక్కన పడేసిన బీడీకి కూలి ఎవరిస్తారు? ఈ తగాదా ఎంత ముదిరినదంటే, 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టంలో దాని పరిష్కారానికి ప్రత్యేకంగా ఒక నిబంధన పెట్టవలసి వచ్చింది.

ఇక మన అభ్యుదయ కవుల సంగతి. వారికి "నరం" మీద మక్కువ ఎక్కువ. నరాలు పొంగుతాయి, తెగుతాయి, తంత్రులై మోగుతాయి. అవి ఎవరి నరాలో, ఏ పని చేసి ఉబ్బాయో మాత్రం తెలియదు. ఎక్కడ పెట్టినా ఒదిగే మాట, క్రమంగా ఎక్కడా ఏమీ చెప్పని మాట అయింది. ఈనెతో ఆ వెసులుబాటు లేదు. దాన్ని వాడాలంటే ఆకు తెలియాలి, పని తెలియాలి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటి 1962లోనే వెలువడింది. తరువాత చేనేత సంపుటి 1971లో వచ్చింది. శ్రామికుల పక్షాన వ్రాస్తున్నామనే మన కవుల్లో వాటి పుటలు తిప్పినవారు ఎందరో, తిప్పిన జాడ ఏ కవితలో ఉన్నదో, ఈ పత్రిక చదివే విద్యార్థులు వెదికి చూడవచ్చు. నా మట్టుకు నాకు ఆ జాడలు తక్కువగానే దొరికాయి.