ఊతకఱ్ఱ: తిరువెణ్బాక్కపు కథా విమర్శనము

తిరువళ్ళూరునకు సమీపమున పూండి యను గ్రామమున ఊన్ఱీశ్వరాలయము కలదు. ఈ క్షేత్రమునకు ప్రాచీననామము తిరువెణ్బాక్కము. 1940వ దశకమున మద్రాసు నగరపు త్రాగునీటికై ఇచట జలాశయము కట్టినప్పుడు పాత యాలయము ముంపునకు లోనుకాగా, స్వామిని ఇప్పటి తావున నిలిపిరి. తమిళమున ‘ఊన్ఱుకోల్’ అనగా ఊతకఱ్ఱ. స్వామి పేరునకు మూలమిదియే.

12వ శతాబ్దమున సేక్కిళారు రచించిన పెరియపురాణము ననుసరించి, సుందరమూర్తి నాయనారు తిరువొత్తియూరున సంగిలికి చేసిన ప్రమాణమును మీఱి చూపు కోల్పోయెను. తడుముకొనుచు వెణ్బాక్కము చేరి చూపు వేడగా దొరకినది చేతికఱ్ఱ. పిదప కాంచీపురమున ఎడమకన్నును, తిరువారూరున కుడికన్నును వచ్చినవి. ఆయన కోపించి కఱ్ఱ విసరగా నందికొమ్ము విఱిగినదని పూండివారు చెప్పుదురు.

మనవారు ఈ కథలో శాపమును, దాని విమోచనమును మాత్రమే వర్ణింతురు. కఱ్ఱకడ నిలిచినవారు అరుదు. అంధత్వము తప్పునకు శిక్ష యను భావము ఇట్లే బలపడినది. కాలు చచ్చిన బిడ్డను చూచి ‘ఏ జన్మపాపమో’ యనుట నేటికిని మన యిండ్ల వినుచున్నాము. తల్లి ఎదుటనే అందురు!

ఆ పురాణముననే దండియడిగళ్ కథ కలదు. ఆయన పుట్టంధుడు. తిరువారూరు కోనేటిలో మేకులు పాతి, గట్టువఱకు త్రాడు కట్టి, దానిని పట్టుకొని మట్టి మోసెను. పరులు పరిహసించిరి. తుదకు ఆయనకు చూపు వచ్చెను, వారికి పోయెను. నా దృష్టిలో ఈ ముగింపే కథకు లోపము. త్రాడు కట్టిననాడే పని సాగినది కదా! పురాణకర్తకు అది చాలలేదు. పైగా శత్రువులకు అంధత్వమునే శిక్షగా విధించెను.

ఈ జిల్లాలోనిదే తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరువఱకు అది మన చిత్తూరు జిల్లాలోనిది. కొండమెట్లు 365, ఏటి దినములన్ని యని మురియుదుము. చక్రాల కుర్చీలో వచ్చువానికి మొదటి మెట్టే అవరోధము. కొండకు వాహనమార్గము కలదు, నిజమే. కాని మార్గముండుట వేఱు, వాహనము సమకూడుట వేఱు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు కేటాయించినది. అంతకన్న ముఖ్యమైనది దాని నిర్వచనము: దేహలోపము బయటి అవరోధములతో కలిసినప్పుడే మనిషి సమాజమున సమముగా పాల్గొనలేకపోవునని దాని భావము. ఇది పురాణపు ముగింపుకన్న దండియడిగళ్ త్రాటికి దగ్గఱగా నున్నది.

మన పౌరాణికులు మాత్రము చూపు వచ్చిన ఘట్టమునకే పరుగిడుదురు. ఆ త్రాడు పట్టుకొని ఆయన ఎన్ని గంపల మట్టి గట్టునకు చేర్చెనో యెవరును చెప్పరు.